సున్నా చూసుకోండి సార్

ఆచార్య నాగార్జునుడి శూన్యవాదం అర్థం కావాలంటే గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. నూట పది రూపాయలు పట్టుకుని బంకుకెళ్తే చాలు. పైపు స్కూటర్ ట్యాంకులో దూర్చే ముందు కుర్రాడు ఒకసారి వెనక్కి తిరిగి, "సున్నా చూసుకోండి సార్" అంటాడు. చూసుకుంటాను. అది మీటరు మీది సున్నా. ఇంకో నిమిషంలో అది నా జేబులోకి మారుతుంది.

నూట పదే ఎందుకంటే, వందకి కొట్టించుకుంటే మీటర్లో ముందే ఏదో 'సెట్' చేసి ఉంచుతారని మా వీధిలో గట్టి నమ్మకం. అందుకని ఎవరూ వంద అనరు. నూట పది, నూట ఇరవై, రెండొందల పది. మా తెలివికి బంకువాడు బోల్తా పడ్డాడనుకుంటూ ఇంటికొస్తాం. నిజానికి ప్రతి బంకులోనూ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగితే కొలిచి చూపాలి. అడిగిన మొనగాడిని నేనింతవరకు చూడలేదు. సరే, పది చుక్కలు పోతాయేమోనని ఇంత కాపలా కాసే మనం, వందలో నలభై పైచిలుకు పన్నుల కింద కళ్లెదుటే కారిపోతుంటే మాత్రం పక్కనున్న గాలి మిషను కేసి చూస్తూ నిలబడతాం.

ధర పెరిగిందంటే పొదుపు పాఠాలు మొదలవుతాయి. గంటకి 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో పోతే ఇంధనం ఆదా అవుతుందని పెట్రోలు పొదుపు సంస్థవారి సలహా. శాస్త్రం, కాదనను. కానీ కాకినాడ మెయిన్ రోడ్డు మీద 45లో పోవాలంటే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. అప్పటికి మా ఆఫీసు తాళం తియ్యరు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆపమన్నారు. ఆపాను. పచ్చదీపం పడ్డాక నా స్కూటర్ మళ్లీ మేలుకునేలోపు వెనకవాళ్లు మా ఏడు తరాలనీ పలకరించేశారు. బండి మీద అనవసరమైన బరువు తగ్గించమన్నారు. ఆ మాట విని మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఇక లాభం లేదనుకుని, డిక్కీలో రెయిన్‌కోటు తీసి లోపల పెట్టింది.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. పోయిన వానాకాలం ఇంటి నుంచి ఆఫీసుకి గుంతలు లెక్కపెట్టాను. వెళ్లేటప్పుడు అరవై ఒకటి. వచ్చేటప్పుడు అరవై మూడు. ఆఫీసు టైములో రెండు పుట్టాయన్నమాట. ఈ గుంతలు ఊరికే వచ్చినవి కావు, సొమ్ము కట్టి కొనుక్కున్నవి. 2022 మే లెక్క ప్రకారం లీటరు మీద కేంద్ర సుంకం 19 రూపాయల 90 పైసలు. అందులో 5 రూపాయలు రోడ్ల సెస్సు. మన రాష్ట్రం 2020 సెప్టెంబరులో రోడ్ల అభివృద్ధి పేరుతో మరో రూపాయి తగిలించింది. రోడ్డుకని ఆరు రూపాయలు కట్టి గుంత దగ్గర బ్రేకు నొక్కుతాను. మళ్లీ యాక్సిలరేటర్ తిప్పితే బండి ఎక్కువ తాగుతుంది. ఎక్కువ తాగితే ఎక్కువ సెస్సు. ఎక్కువ సెస్సు వస్తే రోడ్లు బాగుపడాలి. ఈ చివరి మెట్టు దగ్గరే యంత్రం ఎక్కడో పట్టేస్తోంది.

వ్యవసాయ సెస్సు దీనికి చెల్లెలు. 2021 బడ్జెట్లో పుట్టింది. పెట్రోలు మీద రెండున్నర, డీజిలు మీద నాలుగు రూపాయలు. ట్రాక్టర్లో డీజిలు పోయించుకునే రైతు, రైతు బాగు కోసం లీటరుకి నాలుగు రూపాయల విరాళం ఇచ్చి మరీ పొలానికెళ్తున్నాడు. ఇక ఆ 19.90లో రాష్ట్రాలతో పంచుకునే పద్దు కిందికి వచ్చింది 1 రూపాయి 40 పైసలు. తక్కినవన్నీ సెస్సులూ ప్రత్యేక సుంకాలూ. వాటిని పంచక్కర్లేదు. అన్న గిన్నె దాచేశాడని తమ్ముడు ఊరుకుంటాడా? మన విస్తట్లో చెయ్యి పెట్టాడు. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకి 4 రూపాయలు. ఆ 31 శాతాన్ని కేంద్రం వేసిన సుంకం మీద కూడా కలిపే లెక్కిస్తారు. పన్నుకి పన్ను కట్టే భాగ్యం కలిగింది.

ఇలాంటివాటికి లొంగే రకం కాదు మా బావమరిది. ఓ ఆదివారం పొద్దున్నే దిగాడు.

"బావా, యానాం ఎల్లొచ్చేద్దాం. ట్యాంకు ఫుల్లు చేయించేద్దాం."

తెలియనివారికి ఒక మాట. యానాం మా పక్క ఊరే, కానీ పుదుచ్చేరిది. ఫ్రెంచివాళ్లు 1954లో వెళ్లిపోయారు గాని గీత మాత్రం ఉంచి వెళ్లారు. అదే గోదావరి, అదే తెలుగు, అవే పూతరేకులు. గీత దాటితే వ్యాట్ తక్కువ, పెట్రోలు లీటరుకి పది రూపాయలకి పైనే తగ్గుతుంది. ఒకప్పుడు మా వైపు మగవాళ్లు యానాం వేరే ద్రవం కోసం వెళ్లేవారు, ఇంట్లో చెప్పకుండా. ఇప్పుడు పెట్రోలు కోసమని చెప్పి మరీ వెళ్తున్నారు. నేను వచ్చాక మా ఆవిడ ముందు స్కూటర్ని కాదు, నన్ను వాసన చూసింది.

వెళ్లాం. వరసలో ముప్పావు గంట నిలబడ్డాం. ముందున్న బళ్లన్నీ మా జిల్లావే. అతగాడి బండిలో అయిదు లీటర్లు పట్టింది. "యాబై పైన మిగిలింది బావా!" అన్నాడు. ఆ మొహంలో వెలుగు పెళ్లిపీటల మీద కూడా చూడలేదు. కాకినాడ నుంచి రానూపోనూ అరవై కిలోమీటర్లు. అతని బండి లీటరుకి నలభై ఇస్తుంది. అంటే లీటరున్నర దారిలోనే ఆవిరి, దానికి నూట నలభై పైన. దారిలో పెసరట్టుప్మా ఇద్దరికీ నూట ఇరవై. ఈ లెక్క చెప్పబోయాను. "నువ్వు ప్రతీదీ ఇలాగే చెడగొడతావ్ బావా, ఆయ్" అన్నాడు. నిజమే. సర్కారు మీద గెలిచానన్న ఆనందానికి రెండొందలు ఎక్కువేమీ కాదు.

పైగా గోదావరి జిల్లాల్లో మా కాళ్ల కిందంతా చమురూ గ్యాసూనే. 1995లో పాసర్లపూడిలో బావి అంటుకుంటే 65 రోజులు ఆరలేదు. 2024 జనవరిలో కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలోంచి ఓఎన్‌జీసీ ముడిచమురు తోడడం మొదలెట్టింది. చమురు మా గుమ్మంలో ఉంది, చవక మాత్రం పక్క వాకిట్లో.

ధర ఎందుకిలా ఉందయ్యా అంటే 'అంతర్జాతీయ మార్కెట్' అంటారు. 2010 జూన్‌లో యూపీఏ పెట్రోలు ధరని అదుపు నుంచి వదిలేసింది. 2014 అక్టోబరులో ఎన్డీఏ డీజిలుని వదిలేసింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజూ ఉదయం ఆరింటికి కొత్త ధర. అంతకుముందు ప్రయోగం చేసి చూసిన అయిదు ఊళ్లలో మన విశాఖ ఒకటి. మనకి దక్కే గౌరవాలే తక్కువ, ఇది కూడా రాసి పెట్టుకుందాం.

అలా స్వేచ్ఛాజీవి అయిన ధరకి ఎన్నికలంటే మాత్రం చెప్పలేనంత భక్తి. 2018లో కర్ణాటక పోలింగుకి ముందు 19 రోజులు కదలకుండా కూర్చుంది. 2021 నవంబరులో మొదలెట్టిన మౌనవ్రతం 137 రోజులు సాగింది. ఈలోగా ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చింది, ముడిచమురు పీపా వంద డాలర్లు దాటింది. ఉత్తరప్రదేశ్‌లో ఓట్లు పడుతున్నాయి కాబట్టి ధరకి ఆ వార్త అందలేదు. మార్చి 10న ఫలితాలు వచ్చాయి. 22న తెల్లవారి ఆరింటికి మెలకువ వచ్చింది. ఆ తర్వాత దాదాపు రోజూ ఎనభై పైసల దాకా. వైద్యుడు చంటిపిల్లకి మందు పోసినట్టు మోతాదు మించకుండా పోసి, 16 రోజుల్లో పది రూపాయలు తాగించారు. 2024 మార్చి 15న హఠాత్తుగా రెండు రూపాయలు తగ్గించారు. మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు. కోడ్ కూయడానికి ఒక్క రోజు ముందు కూసిన దయ అది.

మార్కెట్ పడిపోయిన రోజులు లేవా? 2020 ఏప్రిల్లో అమెరికాలో ముడిచమురు ఒక రోజు సున్నా కన్నా కిందికి పోయింది. తీసుకెళ్లేవాడికి ఎదురు డబ్బిచ్చారు. అప్పుడు మన బంకులో ఏం జరిగింది? మే నెలలో కేంద్రం పెట్రోలు మీద సుంకం పది రూపాయలు పెంచింది, డీజిలు మీద పదమూడు. 2014లో 9.48గా ఉన్న పెట్రోలు సుంకం 32 దాటింది. తరవాత రెండు విడతలుగా కొంత తగ్గించి, 2025 ఏప్రిల్లో చమురు మళ్లీ చవకవగానే మరో రెండు రూపాయలు పెంచారు. 'బంకులో ధర పెరగలేదు కదా' అన్నారు. తగ్గాల్సింది తగ్గలేదన్నది బోర్డు మీద ఎలాగూ రాయరు.

ప్రతిపక్షం ఊరుకుందనుకోకండి. ఎద్దుబండి ఉంది కదా. 1973లో వాజ్‌పేయి పెట్రోలు ధరకి నిరసనగా ఎద్దుబండి మీద పార్లమెంటుకి వెళ్లారు. అప్పట్నుంచీ ఆ బండి అన్ని పార్టీల షెడ్డుల్లోనూ తిరుగుతోంది. అధికారం పోగానే ఎక్కడం, రాగానే దిగడం. వ్యాట్ భారం కూడా అంతే, ప్రతిపక్షంలో ఉన్నవారి కంటికి మాత్రమే ఆనుతుంది. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించి, చాలా రాష్ట్రాలు వ్యాట్ కోసుకున్నప్పుడు, ఆంధ్ర, తెలంగాణ రెండూ కదల్లేదు. తెలంగాణది 35.2 శాతం. నీళ్ల మీదా ఆస్తుల మీదా తేలని అన్నదమ్ములు ఏకాభిప్రాయానికి వచ్చింది దీని మీదే. జీఎస్టీలో కలపండి అంటే, ఆ ఏడాది సెప్టెంబరులోనే లక్నోలో కౌన్సిల్ కూర్చుని ఇది సమయం కాదని తేల్చింది. ఆ ముహూర్తం ఏ పంచాంగంలోనూ కనబడలేదు.

ఇప్పుడు అయిదో వంతు ఇథనాల్ కలుపుతున్నారు. విదేశీ మారకం మిగులుతుందట, సంతోషం. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్లో శక్తి మూడో వంతు తక్కువ. పాలల్లో నీళ్లు పోస్తే పాలవాడు కనీసం ఒప్పుకోడు. ఇక్కడ చెప్పి మరీ పోసి పాల ధరే తీసుకుంటున్నారు.

2024 జనవరి 2న లారీ డ్రైవర్ల సమ్మెకి హైదరాబాద్ బంకులు ఎండిపోతే, చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి పార్శిల్ అందించడానికి బయల్దేరాడు. దేశమంతా చూసి నవ్వింది. నేను మాత్రం ఉలవల ధర వాకబు చేశాను.

చివరికి ఒక్కటే కోరిక. తగ్గించమని అడగను, ఎన్నికలు దగ్గర్లో లేవు. హోటల్లో ఇడ్లీ తింటే రసీదులో కేంద్రానికి రెండున్నర శాతం, రాష్ట్రానికి రెండున్నర శాతం అని పైసలతో సహా ఉంటుంది. బంకు రసీదులో లీటర్లుంటాయి, రేటుంటుంది, మొత్తం ఉంటుంది. ఆ మొత్తంలో ఎవరికెంతో ఉండదు. రెండు గీతలు వేయించండి బాబూ: కేంద్రానికి ఇంత, రాష్ట్రానికి ఇంత. కాగితం మీద చోటు లేదనకండి, నిన్నటి రసీదు నా దగ్గరుంది. కింద బెత్తెడు జాగా ఉంది. ప్రస్తుతం అక్కడ 'ధన్యవాదాలు, మళ్లీ రండి' అని ఉంది.