క్లిక్కులు తగ్గించుకునే మార్గం

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునేవాళ్లు గూగుల్‌లో ప్రకటన ఇద్దామనుకుంటే ఎవరిని అడిగినా చెప్పే మాట ఒకటే: ఎక్కువమందికి కనపడాలి, ఎక్కువమంది నొక్కాలి. నెలకు లక్షలు పోసేవాళ్లకు ఆ మాట చెల్లుతుంది. ఐదారు వేలతో దిగేవాళ్లు సరిగ్గా దానికి ఎదురు నడవాలి. మీ ప్రకటన చూసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని నొక్కకుండా వెళ్లిపోవాలి. అలా వెళ్లిపోయేలా మీరు పనిగట్టుకుని ప్రయత్నించాలి. వినడానికి వంకరగా ఉన్నా, మనస్ఫూర్తిగా ఇస్తున్న సలహా ఇది.

గుంటూరులోనో తెనాలిలోనో పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని ఆవకాయ, గోంగూర, పండుమిర్చి పెట్టి కొరియర్‌లో పంపే ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వాళ్లు ప్రకటనకు పెట్టే ఆరు వేలు డ్వాక్రా సంఘం అప్పులోంచి వచ్చినవో, పాడుకున్న చీటీలోంచి తీసినవో అయివుంటాయి. వాయిదా కట్టాల్సిన డబ్బు అది. ‘అనుభవం కోసం పోయిందిలే’ అనుకోవడానికి వీల్లేదు.

చూడటం ఉచితం, నొక్కితేనే ఖర్చు. నేను చెప్పేదంతా దీని మీదే నిలబడింది. ఈ పద్ధతి మొదటినుంచీ ఉన్నది కాదు. 1998లో అమెరికాలో బిల్ గ్రాస్ స్థాపించిన గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ సైటు, ప్రకటనను నొక్కినప్పుడే డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. గూగుల్ 2000 అక్టోబరులో తన ప్రకటనల సేవ యాడ్‌వర్డ్స్‌ను సుమారు 350 మంది ప్రకటనదారులతో తెరిచినప్పుడు, వెయ్యిసార్లు చూపిస్తే ఇంత అని వసూలు చేసేది. 2002లో అదీ క్లిక్కు లెక్కన వేలంలోకి మారింది. 2018లో పేరు గూగుల్ యాడ్స్ అయింది. ఇవాళ మీ ప్రకటనను వెయ్యిమంది చదివి పక్కకు వెళ్లిపోయినా మీకు పైసా ఖర్చు లేదు. ఎవరు నొక్కినా ఖర్చే, కొనే ఉద్దేశం లేనివాడు నొక్కితే మాత్రం అది దండగ. కాబట్టి కొననివాళ్లను నొక్కకముందే, ఉచితంగా ఉన్నచోటే, వెనక్కి పంపేయాలి.

అందుకు అన్నిటికంటే బాగా పనికొచ్చేది ధర. ధర చూసి బెదిరిపోతారు కాబట్టి ప్రకటనలో రుచి గురించి రాయండి, ధర లోపలికొచ్చాక చూపించండి అంటారు. నేను ధరను శీర్షికలోనే పెట్టమంటాను. బెదిరేవాళ్లను అక్కడే బెదరనివ్వండి. గూగుల్ ఒక్కో ప్రకటనకు 15 శీర్షికల దాకా రాయనిస్తుంది, ఒక్కోటి 30 అక్షరాలకు మించకూడదు. వాటిలోంచి కొన్నిటిని తానే కలిపి చూపిస్తుంది. అంటే మీరు రాసిన ధర ఒక్కోసారి కనపడకుండా పోవచ్చు. అందుకని ధర ఉన్న శీర్షికను పిన్ చేయండి, అంటే ఎప్పుడూ కనపడే స్థానంలో బిగించండి. పిన్ చేయగానే పక్కనున్న ‘యాడ్ స్ట్రెంగ్త్’ సూచిక దిగిపోవచ్చు, బాగాలేదని చెప్పొచ్చు. కంగారుపడొద్దు. ఏ ప్రకటన చూపించాలో తేల్చే వేలంలో ఆ సూచిక లెక్కలోకి రాదు.

దీనికి ఒక మూల్యం ఉంది, దాచను. మీ ప్రకటనను ఎంతమంది నొక్కుతారన్న అంచనా గూగుల్ ఇచ్చే క్వాలిటీ స్కోరులో ఒక భాగం. మిగతా రెండూ, వెతికిన మాటకు ప్రకటన సరిపోవడం, నొక్కాక తెరుచుకునే పేజీ బాగుండటం. నొక్కేవాళ్లు తగ్గితే స్కోరు కొంత దిగొచ్చు, క్లిక్కు ధర కొంత పెరగొచ్చు. అయినా ఊరికే చూసిపోయే పదిమందికి తలా ఆరు రూపాయలు కట్టడం కంటే, కొనేందుకు వచ్చిన ఒక్కరికి పది రూపాయలు కట్టడం నయం.

లెక్క ఇంకాస్త వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, మీవి మీరు వేసుకోండి. కిలో ఆవకాయ 600 రూపాయలకు అమ్మితే కాయ, కారం, ఆవపిండి, నూనె, సీసా, కొరియరు పోను 180 మిగులుతుందనుకుందాం. క్లిక్కు 8 రూపాయలు. నలభైమంది నొక్కితే ఒకరు కొంటారు. ఒక్క ఆర్డరుకు 320 రూపాయలు ప్రకటనకే పోయింది. అమ్మినకొద్దీ నష్టం. ఇప్పుడు అదే మనిషికి నాలుగు రకాలు, రకానికి కిలో చొప్పున, ఒకే పెట్టెలో 2,400కు అమ్మారనుకోండి. కొరియరు కలిసొచ్చి కనీసం 720 మిగిలింది. అదే నలభైమంది, అదే ఒక్క కొనుగోలు, ఇప్పుడు లాభం. అందుకే చెబుతున్నాను, మీ దగ్గర బాగా అమ్ముడయ్యే అరకిలో సీసాకు ప్రకటన ఇవ్వకండి. ఊళ్లో, బంధువుల్లో, వాట్సాప్‌లో అది దానంతటదే అమ్ముడవుతుంది. డబ్బు పెట్టి పిలిచేది నాలుగు కిలోల పెట్టె కొనేవాళ్లనే.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేది జీఎస్టీ. యూపీఐలో ముందుగా కట్టే 6,000లో 18 శాతం పన్ను కలిసే ఉంటుంది, అది పోగా ఖాతాలో పడేది దాదాపు 5,085. మీకు జీఎస్టీ నమోదు లేకపోయినా, కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నా, ఆ పన్ను తిరిగిరాదు. మిగిలిన దాన్ని నెలకు 30.4 రోజులుగా పంచితే రోజుకు 167. ఒక్కోరోజు గూగుల్ దానికి రెండింతల దాకా ఖర్చు చేసేస్తుంది, నెల మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్టుకు 30.4 రెట్లు దాటదు. మొదటి వారంలో 330 పోయిన రోజు చూసి గుండె జారిపోకండి.

ఇక వెతికే మాటలు, అంటే కీవర్డ్లు. కొనేవాళ్లు ఏ మాట కొట్టి వెతుకుతారో ఆలోచించే ముందు, కొననివాళ్లు ఏ మాట కొడతారో ఒక నోటుపుస్తకంలో రాయండి. రెండు పేజీలు నిండాలి. అప్పటిదాకా ప్రకటన మొదలుపెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో ‘ఆవకాయ’ అని వెతికేవాళ్లలో ఎందరో తామే పెట్టుకోవాలనుకునేవాళ్లు. కొలతలు కావాలి, ఎన్ని కాయలకు ఎంత కారమో కావాలి, నువ్వుల నూనా వేరుశనగ నూనా అని సందేహం. ఇంకొకరికి ముక్కలు కొట్టే కత్తిపీట కావాలి. ఒకరికి జాడీ కావాలి. ఇంకొకరు పచ్చళ్ల కంపెనీలో ఉద్యోగం వెతుకుతున్నారు, వేరొకరు మీకే హోల్‌సేల్‌గా కారం అమ్మాలనుకుంటున్నారు. అందరూ మంచివాళ్లే, ఎవరూ మీ దగ్గర కొనరు. రెసిపీ, ఎలా, తయారీ, కొలతలు, వీడియో, కత్తిపీట, జాడీ, జాబ్స్, హోల్‌సేల్, ఫ్రాంచైజీ, మెషీన్: ఇవన్నీ నెగటివ్ కీవర్డ్లుగా, అంటే ప్రకటన కనపడకూడని మాటలుగా, ఎక్కించాలి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో మనవాళ్లు కొట్టే తీరులో మరోసారి. నెగటివ్ మాటల దగ్గర గూగుల్ తనంతట తాను అర్థం చేసుకుని సాయపడదు. ‘తయారీ’ ఆపినంత మాత్రాన ‘ఎలా పెట్టాలి’ ఆగదు.

కావాల్సిన మాటలు మాత్రం పది చాలు. ‘ఆంధ్ర పచ్చళ్లు ఆన్‌లైన్’, ‘గోంగూర పచ్చడి హోమ్ డెలివరీ’ లాంటివి. కొనే ఉద్దేశం మాటలోనే కనపడాలి. బ్రాడ్ మ్యాచ్ అనే పద్ధతిని గూగుల్ ముందుకు తోస్తుంది, మీరు ఇచ్చిన మాటకు దగ్గరగా తనకు తోచిన ప్రతి వెతుకులాటకూ ప్రకటన చూపిస్తుంది. దాన్ని వద్దనండి. ఇచ్చిన మాటకు కట్టుబడే ఎగ్జాక్ట్ మ్యాచ్ పెట్టుకోండి, మహా అయితే దానికంటే కొంచెం వదులైన ఫ్రేజ్ మ్యాచ్. ఎగ్జాక్ట్ అన్నా ఇప్పుడు అచ్చంగా అదే మాట కాదు, అదే అర్థమున్న వేరే మాటలకూ చూపిస్తుంది. అందుకే రోజూ సెర్చ్ టర్మ్స్ నివేదిక తెరిచి, జనం నిజంగా ఏం కొట్టి వచ్చారో చదవాలి. 2020 సెప్టెంబరు నుంచి కొద్దిమందే వెతికిన మాటలను గూగుల్ అందులో చూపించడం లేదు. కనపడినంతవరకైనా చదివి, పనికిరాని ప్రతి మాటనూ నోటుపుస్తకంలోకీ అక్కణ్నుంచి నెగటివ్ జాబితాలోకీ ఎక్కించండి. మొదటి నెలంతా అసలు పని ఇదే. ప్రకటన రాయడం ఒక పూట పని.

ఖాతా తెరిచేటప్పుడు, మీ ప్రకటన గూగుల్ సెర్చ్ బయట వేరే సైట్లలోనూ కనపడేలా, కొన్ని గళ్లలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. డిస్‌ప్లే నెట్‌వర్క్ తీసేయండి, సెర్చ్ పార్ట్‌నర్స్ తీసేయండి. ప్రాంతం దగ్గర హైదరాబాద్ ఎంచుకుంటే, అక్కడ ఉన్నవాళ్లతో పాటు హైదరాబాద్ మీద ఆసక్తి చూపినవాళ్లకూ చూపించేలా ముందే అమర్చి ఉంటుంది. దాన్ని ‘అక్కడ ఉన్నవాళ్లకు మాత్రమే’ అని మార్చాలి. క్లిక్కుకు ఎంత కట్టాలో తేల్చే బిడ్డింగ్ దగ్గర ‘మాక్సిమైజ్ క్లిక్స్’ ఎంచుకుంటే, ఒక్కో క్లిక్కుకు గరిష్ఠంగా ఇంతే అని పరిమితి తప్పకుండా పెట్టండి.

ఒక్క నగరం చాలు. హైదరాబాద్ లేదా బెంగళూరు. అమెరికా ఆశ చాలామందికి ఉంటుంది. అక్కడ మనవాళ్లు ఉన్నారు, పచ్చడి కావాలనేవాళ్లూ ఉన్నారు, నిజమే. కానీ ఆ క్లిక్కు ధర మన క్లిక్కు ధర కాదు. పైగా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. ఆరు వేలతో అటు వెళ్లొద్దు. అమెరికా పార్సిళ్లను మీ హైదరాబాద్ కొనుగోలుదారులే వాళ్లబ్బాయికి పంపించుకుంటారు.

మీ దుకాణం పేరు మీద మీరే ప్రకటన కొనకండి. ‘పేరు కొడితే మనమే పైన ఉండాలి కదా’ అంటారు. పేరు తెలిసి వెతికేవాళ్లు కింద ఉచితంగా ఉన్న లంకె నొక్కి వస్తారు. ఈబే సంస్థ 2012లో తన పేరు మీది ప్రకటనలను కొన్నిచోట్ల ఆపి చూసింది. ప్రకటన మీదుగా రావాల్సినవాళ్లు దాదాపు అందరూ మామూలు ఫలితాల మీదుగా వచ్చేశారు. బ్లేక్, నోస్కో, టాడెలిస్ అనే పరిశోధకులు ఈ ప్రయోగాన్ని 2015లో ఎకనామెట్రికా పత్రికలో ప్రచురించారు. పేరు లేని మామూలు మాటల ప్రకటనల్లో కూడా కొత్తవాళ్లు, అరుదుగా కొనేవాళ్ల మీదే ప్రభావం కనపడింది, డబ్బులో ఎక్కువ భాగం మాత్రం ఎలాగూ కొనే పాతవాళ్ల మీద పోయింది. అంత పెద్ద కంపెనీకే అది దండగైతే, మీరు ఒకసారి కొన్న అక్కగారికి రెండోసారి డబ్బు కట్టి కబురు పెట్టడం ఎందుకు? ఆమె నేరుగా మీకే ఫోన్ చేసేలా, సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు పక్కనే మీ ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి.

ప్రకటనను రోజంతా నడపొద్దు. మీరు ఫోన్ ఎత్తగలిగే గంటలే పెట్టండి. పొద్దున పొయ్యి దగ్గర చేతులకు కారం అంటుకుని ఉన్నప్పుడు వచ్చిన ఫోను మీరు ఎత్తలేరు, వాళ్లు తర్వాతి ప్రకటన నొక్కుతారు, మీ ఎనిమిది రూపాయలు పోతాయి. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది చాలు.

ఇవన్నీ చేశాక ఖాతాలో గూగుల్ ఇచ్చే ఆప్టిమైజేషన్ స్కోరు తక్కువగా కనిపించొచ్చు. వందకు దగ్గర కావాలంటే బడ్జెట్ పెంచండి, బ్రాడ్ మ్యాచ్‌కు మారండి లాంటి సిఫార్సులు వస్తాయి. వాటిని తనంతట తానే అమలు చేసేసే ‘ఆటో అప్లై’ ఏర్పాటు ఉంది, అది ఆపి ఉందో లేదో వారానికోసారి చూడండి. ఆ స్కోరు మీ గల్లాపెట్టెలో డబ్బును లెక్కపెట్టదు. తక్కువగా ఉండనివ్వండి.

ఆపేయడానికి గీత ముందే గీసుకోండి. నలభైకి ఒకరు కొంటారని లెక్క వేసుకున్నారు కదా. దానికి మూడింతలు, 120 క్లిక్కులు వచ్చినా ఒక్క ఆర్డరు లేకపోతే దురదృష్టం అనుకోవద్దు. ఆ రోజే ప్రకటన ఆపండి. ఇంట్లో వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద, మీ పేజీని మీ ఫోన్‌లోనే తెరవండి. ఫొటోలు తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోంది, శీర్షికలో చెప్పిన 2,400 పేజీలో మొదటే కనపడుతోందా, కొరియరు ఖర్చు చివర్లో కొత్తగా వచ్చి పడుతోందా, ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళ్తోందా చూడండి. తర్వాత పక్కింటి అమ్మాయి చేతికి ఫోనిచ్చి, ఏమీ చెప్పకుండా, ఒక పెట్టె ఆర్డరు పెట్టమనండి. ఆమె ఎక్కడ ఆగిపోయిందో రాసుకుని అది సరిచేయండి. డబ్బు ఖాతాలో అలాగే ఉంటుంది, తొందరేం లేదు.