గ్లాసుడు నీళ్ళు పోసి చూడలేదు

ఈ సంగతి మా ప్లాంట్‌లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను, మీరు పోనిద్దురూ అంటారన్న ధైర్యంతో.

స్టీల్ ప్లాంట్‌లో నా ఉద్యోగమే పరీక్ష చెయ్యడం. కన్వర్టర్‌లోంచి దిగిన ప్రతి హీట్‌కీ, అంటే ఒక్కో విడత కరిగిన ఉక్కుకీ, శాంపిల్ తీస్తాం. కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత అని తేలాకే ఉక్కు ముందుకు కదులుతుంది. కాగితం మీద రాసుందని దేన్నీ నమ్మం. అలాంటి ఉద్యోగంలో జుట్టు నెరిసిపోతున్న నేను, పాప ఇంకా కడుపులో ఉండగానే, ఫోన్‌లో రంగురంగుల బొమ్మలు చూసి రెండు డజన్ల గుడ్డ డైపర్లు ఒక్క దెబ్బకి కొనేశాను. ఒక్కటైనా చేత్తో పట్టుకుని చూసింది లేదు.

గుడ్డవే ఎందుకంటే, దానికి కారణం మా ఊరు. విశాఖపట్నం పక్కనున్న మా యారాడకి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఆదివారం సాయంత్రం చూడ్డానికొచ్చిన జనమంతా కొండెక్కి వెళ్ళిపోయాక ఇసుకలో మిగిలేవాటిలో బిరియానీ పొట్లాలూ, నీళ్ళ సీసాలతో పాటు పిల్లల డైపర్లూ ఉంటాయి. వాటిని కుక్కలు లాగుతాయి, అలలు దొర్లిస్తాయి. పైన ప్లాస్టిక్ పొర, లోపల కలప గుజ్జు, ఆ గుజ్జులో సోడియం పాలీయాక్రిలేట్ అనే గింజలు. తడిని పీల్చి జిగురుముద్దలా ఉబ్బేవి ఆ గింజలే. వాడిన డైపర్ని విడిగా పొట్లం కట్టి చెత్త బండికివ్వాలని ఘన వ్యర్థాల నిబంధనల్లో ఉంది. ఇసుకలో దొర్లే డైపర్‌కి ఆ నిబంధన ఏం తెలుస్తుంది? నా కూతురి పేరు మీద అలాంటిది ఒక్కటి కూడా ఈ ఒడ్డున పడకూడదనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. దానికి నా డాబు తోడైంది. మంచిపని చేస్తున్నప్పుడు నలుగురూ చూడాలని ఎవరికుండదు చెప్పండి?

మా ఆవిడకి పుట్టింట్లో పెద్దదిక్కు లేకపోవడంతో పురుడు మా ఇంట్లోనే. నెలలు నిండుతుండగా అమ్మ అటక మీది ట్రంకు పెట్టె దింపించి తాతగారి పాత పంచెలు బయటికి తీసింది. పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే బట్ట. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా తయారైంది. అంచులు తీసేసి, మూరకి కాస్త పైగా చదరంగా చింపుతోంది. ఒక్కో పంచెకి 14 గుడ్డలొచ్చాయి. నాకేమో నామోషీ. ఆఫీసర్లూ, వాళ్ళ భార్యలూ చూడ్డానికొస్తే పాపని ఈ పీలికల్లో చూపిస్తామా? అమ్మ పక్కింటికెళ్ళిన సమయం చూసి ఆ మూటని మళ్ళీ అటకెక్కించింది నేనే.

నేను కొన్నవి కొండ దాటి రాలేదు. సింధియా జంక్షన్ దాకా వచ్చి తీసుకోమన్నాడు కొరియర్ అబ్బాయి. వర్షంలో బండి మీద, ఆ పెట్టెని రెయిన్‌కోటులో చుట్టి నేను తడుస్తూ తెచ్చాను. ఏనుగు, చేప, పైనాపిల్ బొమ్మలతో ఒక్కొక్కటీ ముచ్చటగా ఉంది. బయటి కవర్‌కి నీళ్ళు దాటనివ్వని పూత. లోపల జేబు. ఆ జేబులోకి దూర్చే మందపాటి నూలు ఇన్సర్ట్‌లు. నడుం దగ్గరా ముందు వైపూ టిచ్‌బటన్లు. అవి మారుస్తూ పోతే 3 కిలోల పిల్ల నుంచి 16 కిలోల పిల్ల దాకా ఒకటే సరిపోతుందని అట్ట మీద రాసుంది. నమ్మాను. మా పాప 2.7 కిలోలతో పుట్టింది.

వాడే ముందు ఇన్సర్ట్‌ల్ని అయిదారుసార్లు ఉతకమనీ, మెత్తదనానికి వాడే సువాసన ద్రవం మాత్రం వెయ్యొద్దనీ ఒక కాగితం పెట్టారు. చదివాను కూడా. ఒక్కసారి ఉతికి, బారసాలకి ఘుమఘుమలాడాలని ఆ సువాసన ద్రవాన్నే రెండు మూతలు వంచాను.

ఇరవై ఒకటో రోజు బారసాల. ఇల్లంతా బంధువులు. పీటల మీద మా పెద్దత్త ఒళ్ళో పాప, పాప ఒంటి మీద పైనాపిల్ బొమ్మల డైపర్. ఎవరో అడిగారు, ఇదేంటి బాబూ కొత్తగా ఉందీ అని. ఆ ఒక్క ముక్క చాలు నాకు. మొదలుపెట్టాను. అమెరికాలో మారియన్ డొనోవన్ అనే ఇల్లాలు స్నానాలగది కర్టెన్ కోసి నీళ్ళు దాటని కవర్ కుట్టిందని చెప్పాను. ఏ కంపెనీ ఒప్పుకోకపోతే 1949లో న్యూయార్క్‌లో పెద్ద దుకాణంలో తనే అమ్మకానికి పెట్టిందనీ, 1951లో పేటెంటు వచ్చిందనీ చెప్పాను. పారేసే డైపర్లు 1961లో పాంపర్స్‌తో ఊపందుకున్నాయని చెప్పాను. మన పద్ధతీ వాళ్ళ పద్ధతీ కలిస్తేనే ఇది అన్నాను, ఇది ఎంత తడినైనా తాగుతుందన్నాను, చుక్క బయటికి రాదన్నాను, కావాలంటే చూడండత్తా అన్నాను, అంటూ ఉండగానే పెద్దత్త మొహం మారింది, పీట కదిలింది, ధర్మవరం పట్టుచీర ముదురు మావిడిరంగు కాస్తా నల్లగా తడిసి మోకాలి దాకా పాకింది, పురోహితుడు పళ్ళెంలో బియ్యాన్ని పక్కకి లాక్కున్నాడు, పెద్దత్త రెండు చేతులా పాపని పైకెత్తేసి, "ఒరే నాయనా, నా ఒళ్ళో వంశధార పారతంది, నీ అమెరికా కథ తర్వాత చెబుదువు గానీ ముందు దీన్నందుకోరా!" అని కేకేసింది.

నవ్వనివాళ్ళు లేరు. పాప మాత్రం హాయిగా నిద్రపోయింది.

మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. ఒక కొత్త ఇన్సర్ట్‌ని బండ మీద పరిచి చెంబుతో నీళ్ళు వంచింది. నీళ్ళు తామరాకు మీద బొట్లలా గుండ్రంగా నిలబడి, అటూ ఇటూ దొర్లి, అంచుల్లోంచి జారి నేల మీద పడ్డాయి. గుడ్డ లోపల పొడిగానే ఉంది. "ఏట్రా, ఇది నీళ్ళు తాగదేటి?" అంది. తర్వాత తాతగారి పంచె ముక్క పరిచి అంతే నీళ్ళు పోసింది. ఎక్కడ పడ్డ నీళ్ళు అక్కడే మాయం. అటక మీది మూట అమ్మ ఎప్పుడో దించేసిందని నాకు అప్పుడు తెలిసింది.

కారణం చాలా మామూలుది. కొత్త నూలులో పత్తికి సహజంగా ఉండే మైనం మిగిలి ఉంటుంది. నాలుగైదుసార్లు వేడినీళ్ళలో ఉతికితే గానీ అది పోదు. ఆ మైనం ఉండగానే నేను సువాసన ద్రవం వేశాను. పోగుల మీద కొవ్వులాంటి పొర పరచడమే దాని పని, బట్ట మెత్తగా తగిలేది ఆ పొర వల్లే. పొర పడ్డాక నీరు పోగులోకి ఎలా వెళ్తుంది? దానికి తోడు, 3 కిలోల పిల్ల తొడ చుట్టూ వేలు దూరేంత సందు. ఆ రోజు రెండూ కలిసొచ్చాయి. గ్లాసుడు నీళ్ళు పోసి చూస్తే అర నిమిషంలో తేలే విషయం. హీట్ హీట్‌కీ శాంపిల్ తీసేవాడికి కూతురి విషయంలో ఆ బుద్ధి పుట్టలేదు. ఈ ముక్క గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంతటితో నా మొండితనం పోయిందనుకునేరు. పోలేదు. ఇన్సర్ట్‌ల్ని సబ్బు లేకుండా వేడినీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతికి దారికి తెచ్చాను. అవి తాగడం మొదలుపెట్టాయి, ఆరడం మానేశాయి. శ్రావణమాసపు ముసురు, పైగా సముద్రపు గాలి. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది. నాలుగు పొరలు కుట్టేసిన ఇన్సర్ట్ మా వరండాలో రెండు రోజులు వేలాడినా నడిమధ్య చల్లగానే తగిలేది, ముక్కవాసన. అమ్మ గుడ్డలు ఒంటిపొరవి. సముద్రానికి వీపు చూపించే పెరటి గోడ చాటున కట్టిన తీగ మీద, రెండు జల్లుల మధ్య తెరిపిలో ఆరిపోయేవి. మడిస్తే అదే గుడ్డ ఎనిమిది పొరలవుతుంది, విప్పితే ఒక పొర. ఇంత తెలివైన తయారీ మా అట్టపెట్టెలో లేదు. పాత రోజుల్లో కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద ఆరబెట్టేవారట. పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదని డాక్టర్లంటారు, అమ్మ కూడా ఆ పని చెయ్యలేదు. ఇస్త్రీపెట్టెతో సరిపెట్టింది.

ఇంకొకటి చెప్పాలి, ఇది నవ్వే విషయం కాదు. పాప తొడల సందున ఎర్రగా కందింది. తడి తెలియడం లేదు కదా అని కవర్‌ని గంటల తరబడి మార్చకుండా ఉంచేశాను నేను. డాక్టరమ్మ చూసి, గాలి తగలనివ్వండి, కాసేపు ఏమీ కట్టకుండా వదిలెయ్యండి అంది. ఆ తర్వాత, "రోజుకి ఎన్నిసార్లు పోస్తోంది?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. అమ్మ టక్కున, "నిన్న పదకొండు గుడ్డలు తడిపిందమ్మా" అంది. డాక్టరమ్మ మొహం వికసించింది. పుట్టిన అయిదారు రోజుల తర్వాత నుంచి రోజుకి కనీసం 6 సార్లు తడిపితే తల్లిపాలు చాలుతున్నట్టే లెక్క. పాలు సరిపోతున్నాయో లేదోనని మా ఆవిడ రాత్రిళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ బెంగ తీర్చింది తీగ మీది తాతగారి పంచె ముక్కలు. అప్పుడు మాత్రం నా నామోషీ నిజంగా వదిలిపోయింది.

ఇప్పుడు పాపకి ఏడో నెల. ఏనుగులూ పైనాపిల్సూ ఒంటికి పట్టాయి. లోపల ఇన్సర్ట్‌కి బదులు పంచె గుడ్డే పొడవుగా మడిచి పరుస్తాం, ఆడపిల్ల కాబట్టి మడత మందం మధ్యలో. రెండు మూడు గంటలకోసారి విప్పి చూస్తాం. దూరప్రయాణమైతే పారేసే డైపరే, దాన్ని పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకుంటాం. ఉతుకు నా వంతు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో లెక్కగట్టి చెప్పింది: గుడ్డ డైపర్ల మేలంతా ఎలా ఉతుకుతాం, ఎలా ఆరేస్తాం అన్నదాని మీదే ఉందట. మరీ వేడినీళ్ళు వాడి, యంత్రంలో ఆరబెడితే ఆ మేలు కరిగిపోతుంది. మిషన్ నిండా వేసి, తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకీ వాడితే నిలుస్తుంది. మనకి తీగ ఉంది, ఎండ ఉంది. పసుపు మరకలు తడిగా ఉండగా ఎండలో వేస్తే వాటంతటవే వెలిసిపోతాయి. రాత్రి షిఫ్ట్ దిగి వచ్చి, పడుకోబోయే ముందు ఆ పని చేస్తాను.

మొన్న గాజువాక నుంచి మా సెక్షన్ కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ళావిడకి ఎనిమిదో నెల. "అన్నా, మీరు గుడ్డవి వాడుతున్నారట కదా, ఎలాంటివి కొనాలి?" అన్నాడు. ముందు ఒక్కటే కొను, ఆరుసార్లు ఉతుకు, పళ్ళెంలో పరిచి గ్లాసుడు నీళ్ళు పొయ్యి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "మూడు డజన్లు ఆర్డర్ పెట్టేశానన్నా," అన్నాడు. సరే, ఒకటి విప్పి మిగతా ప్యాకెట్ల సీలు తియ్యకు, తిరిగి పంపడానికి గడువెప్పటిదాకా ఉందో చూసుకో, ఈలోగా మీ అమ్మగారినడిగి పాత నేతచీరలు తీయించు అని చెప్పాను.