59 పైసల విందు

కొల్లేటి సీమలో బడి భోజనం దశ తిరిగింది: పథకానికి అన్నపూర్ణ డొక్కా సీతమ్మ పేరొచ్చింది, గుడ్డుంది, చిక్కీ ఉంది, 2025 జూన్ నుంచి సన్నబియ్యమూ వచ్చింది.

ఇక వంట ఖర్చు. ఐదో తరగతి వరకు పిల్లాడికి పప్పు, కూర, నూనె, పోపు, గ్యాసు అన్నిటికీ కలిపి కేంద్రం కట్టిన రోజు రేటు రూ.6.19.

ధరలు మండుతున్నాయని 2025 మే 1 నుంచి రూ.6.78 చేశారు.

అక్షరాలా 59 పైసల పెంపు!

అందులో అర్ధరూపాయికి బిళ్ల ఉంది. మిగతా 9 పైసలకు అదీ లేదు. పావలా, అంతకన్నా చిన్న నాణేలకు 2011లోనే సెలవిచ్చారు. ఇక వంటమ్మ ఆవాలు లెక్కపెట్టి పోపేయాలి.

ఇదే సీమలోని కలిదిండి చెరువులో చేపకు ఈ బాధ లేదు. వేళకు తవుడు, అప్పుడప్పుడూ వల వేసి తూకం. బరువెక్కాక ఐసు వేసుకుని దర్జాగా కోల్‌కతా లారీ ఎక్కుతుంది. బడి కంచం వైపు కన్నెత్తి చూడదు.

వంటమ్మ గౌరవవేతనం 2019లో నెలకు 3 వేలయింది. 2024లో పథకం పేరు మారింది, ఆ అంకె మారలేదు.

ఏలినవారూ! ఆ రూ.6.78 జేబులో వేసుకుని ఓసారి సంతకెళ్లి రండి. సంచి అక్కర్లేదు.