ఒంటి స్కీకి బూట్లు బిగించే బళ్ళారి పద్ధతి

అమెరికాలో ఉండే మేనల్లుడు ఈసారి చాక్లెట్లకు బదులు స్లాలం స్కీ మోసుకొచ్చాడనుకుందాం. బోటు లాగుతుంటే నీళ్ళ మీద జారడానికి మనిషంత పొడవున్న ఒకే ఒక్క పలక. దాని మీద ఒకదాని వెనక ఒకటిగా రెండు బూట్లు నిలబడాలి. బూట్లు వేరే సంచిలో ఉన్నాయి, వాటి అడుగున వేసే ప్లేట్లున్నాయి, పిడికెడు స్క్రూలున్నాయి, ఒక కాగితముంది. సెలవు అయిపోయి పిల్లోడు విమానమెక్కేశాడు. ఇక బిగించుకోవాల్సింది మీరే. 2021లో బళ్ళారి నుంచి విడిపోయి వేరే జిల్లాలోకి పోయినా హొస్పేట తుంగభద్ర డ్యాము ఎక్కడికీ పోలేదు. లారీలు బాగుచేసే షెడ్లకు బళ్ళారిలో కొదవ లేదు. ఇంకేం కావాలప్పా? ఈ చిట్కాలు పాటిస్తే పొద్దు గూకేలోగా స్కీ పని అయిపోతుంది. దాంతోపాటే మీ పనీ.

1. కొలవద్దు, రాసుకోవద్దు

స్కీ తోక చివర నుంచి ముందు బూటు మడమ దాకా ఎన్ని అంగుళాలుండాలో కంపెనీవాళ్ళు కాగితంలో రాస్తారు. ముందు అక్కడ బిగించి చూడమంటారు. తర్వాత ఎప్పుడు జరిపినా, జరపబోయే ముందు పాత కొలత రాసి పెట్టుకోమంటారు. ఇదంతా తమ మీద తమకు నమ్మకం లేనివాళ్ళ పని. కంటితో చూసి బిగించేయండి. కొలత రాసి పెట్టుకుంటే, పాడైనప్పుడు మళ్ళీ మొదటి చోటికి తెచ్చుకోగలుగుతారు. అప్పుడు ఇక మీ చేతివాటం ఏముంది?

2. జరిపితే చివరికంటా జరపండి

ప్లేటుకు రంధ్రాలు వరసగా ఉండేది బూటును కాస్త ముందుకో వెనక్కో జరుపుకోవడానికి. తెలిసినవాళ్ళు ఒక్క రంధ్రం జరిపి, నీళ్ళ మీద నాలుగు పరుగులు చూసుకుని, అప్పుడు ఇంకోటి ఆలోచిస్తారు. బూటు ముందుకు పోతే బరువు ముక్కు మీద పడి స్కీ చురుగ్గా మళ్ళుతుంది. మరీ ముందుకు పోతే ముక్కు నీళ్ళలో గుచ్చుకుని మనిషి పల్టీ కొడతాడు. వెనక్కి పోతే ముక్కు పైకి లేస్తుంది, తోక మునుగుతుంది, మలుపు బారెడు దూరం సాగుతుంది. ఈ రెండు అనుభవాలూ ఒక్క రోజులో దక్కాలంటే పొద్దున ఆ చివర, మధ్యాహ్నం ఈ చివర బిగించండి.

3. స్క్రూ పోతే అంగడిలో దొరికిందే వాడండి

చాలా అమెరికన్ స్కీల్లో స్క్రూలు పావంగుళం లావు, అంగుళానికి ఇరవై మరలు. మన అంగట్లో అడిగితే ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు ఇస్తారు. పక్కపక్కన పెట్టి చూస్తే కవల పిల్లలే. కానీ పావంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు, రెండింటి మరల ఎడమూ వేరు. కాబట్టి రెండు చుట్లు ఇష్టంగానే లోపలికి పోతుంది, ఆ తర్వాత మొరాయిస్తుంది. సరిగ్గా అక్కడే పొడవాటి పానా తీసి ఒంటి బలమంతా పెట్టండి. స్కీలో పాతిన లోహపు గూడులో మరలన్నీ అరిగిపోయి, ఇక ఏ స్క్రూ పట్టకుండా అవుతుంది. అప్పుడు నాలుగో చిట్కాకు అర్హులవుతారు.

4. కొత్త రంధ్రం వేయండి

డ్రిల్లింగ్ మిషనున్నవాడికి పాత గూడుతో పనేముంది? స్కీ లోపల తేలికైన నురుగు దిమ్మె, దాని చుట్టూ గట్టి పెంకు. రంధ్రం వేస్తే ఆ దారిన నీళ్ళు లోపలికి దిగి, పొరలు విడిపోయి, స్కీ రోజురోజుకూ బరువెక్కుతుంది. కొలత కంటే పొడుగు స్క్రూ వేశారా, అడుగును లోపల్నుంచి పొడుచుకుని ఉబ్బిస్తుంది. నీటిని కోసుకుంటూ పోవాల్సిన నున్నటి అడుగుకు ఒక మొటిమ వచ్చిందన్న మాట. స్కీని ఇంకెవరూ ఎత్తుకుపోకుండా ఇదొక గుర్తు.

5. కాలు దూరకపోతే గ్రీజు పూయండి

రబ్బరు బూటును తడిపి, సబ్బు నీళ్ళు పోస్తే కాలు హాయిగా దూరుతుంది. కానీ సబ్బు ఇంట్లో ఉంటుంది, గ్రీజు షెడ్డులోనే ఉంది. పెట్రోలియం గ్రీజుకు రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది, నిజమే. ఆ తర్వాత బూటును బళ్ళారి వేసవి ఎండలో కారు డిక్కీలో పెట్టి మరిచిపోతే మిగిలిన పని ఎండ చూసుకుంటుంది.

6. ఒక కాలు గట్టిగా, ఒక కాలు వదులుగా

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇదే. 1922లో అమెరికాలో లేక్ పెపిన్ మీద రాల్ఫ్ శామ్యుల్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రెండు పైన్ పలకలకు తోలు పట్టీలు తగిలించి వాటర్ స్కీకి శ్రీకారం చుట్టాడు. పట్టీలోంచి కాలు జారిపోవడం ఎంతసేపు? ఇప్పటి బూటు అట్లా కాదు, కాలిని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే పడినప్పుడు వదలడం కూడా దానికి నేర్పాలి. రెండు బూట్లూ ఒకే ప్లేటు మీద ఉండి ఆ ప్లేటే ఊడొచ్చే రకమైతే రెండు కాళ్ళూ ఒకేసారి బయటపడాలి. వెనక కాలికి పట్టీ మాత్రమే ఉంటే ఆ కాలు ముందే జారిపోతుంది కాబట్టి, ముందు బూటు కూడా ఆలస్యం చేయకుండా వదలాలి.

మనం అట్లా చేయం. ఒక బూటు బిగిస్తాం, ఒకటి వదులుగా ఉంచుతాం. విడిపోవడం బళ్ళారికి కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి మైసూరులో చేరింది. అన్నదమ్ములు రెండు రాష్ట్రాలవాళ్ళయ్యారు. అయినా పెళ్ళిళ్ళకూ సంతలకూ రాకపోకలు ఆగలేదు. కాళ్ళకు ఆ సౌకర్యం లేదు. ఒక కాలు బయటికొచ్చి ఇంకోటి స్కీలోనే ఉండిపోతే, నీటి తాకిడికి పలక ఒక వైపు, మనిషి ఇంకో వైపు తిరుగుతారు. చీలమండ నడిమధ్య సరిహద్దు పడుతుంది.

వదలడం మంచిది కాదని వాదించాలంటే డ్యామునే చూపించండి. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోలేదా? వరదొస్తే తెరవడానికే అక్కడ 33 గేట్లు పెట్టారని ఇంజనీర్లు అంటారు. మూయడమూ తెరవడమూ రెండూ గేటు పనేనంటారు. వాళ్ళ మాటలు వినుకుంటూ కూర్చుంటే మన బూట్లు బిగిసేదెప్పుడు?

7. అన్నీ ఒకేసారి మార్చండి

తోక కింద ఉండే ఫిన్‌ను అంగుళంలో వెయ్యో వంతు లెక్కన, కాలిపర్‌తో కొలిచి జరుపుతారు. ఆ కాస్త తేడాకే మలుపు మారుతుంది. కాబట్టి ముందు బూటు, వెనక బూటు, ఫిన్, మూడూ ఒకే మధ్యాహ్నం మార్చేయండి. ఒక్కటే మారిస్తే మంచికీ చెడుకూ కారణమేదో తెలిసిపోతుంది. మూడూ మారిస్తే తప్పు దేనిదో తేలదు, మీదని అసలే తేలదు.

8. నేరుగా పోటీ వేగం

స్లాలం పోటీలో చుట్టి రావాల్సినవి ఆరు బోయలు, అంటే నీళ్ళ మీద తేలే గుర్తులు. మధ్య గీత నుంచి ఒక్కోటి 11.5 మీటర్ల దూరాన ఉంటుంది. పురుషుల పోటీలో బోటు వేగం గంటకు 58 కిలోమీటర్ల దాకా పోతుంది. 18.25 మీటర్ల తాడుతో మొదలై, ఒక్కో పరుగు గెలిచేకొద్దీ తాడు కురచవుతుంది. అది 10.75కు వచ్చేసరికి బోయ దూరం కంటే తాడే చిన్నది, మిగిలిన దూరం ఒళ్ళు సాచి అందుకోవాలి. కొత్తగా బూట్లు బిగించినవాళ్ళు ముందు గట్టున తొడిగి విప్పి చూసుకుంటారు, తర్వాత నెమ్మది వేగంతో నీళ్ళలో దిగుతారు. వెనక్కి చూస్తుండే మనిషిని బోటులో కూర్చోబెట్టుకుంటారు. మీరు ఇవేవీ లేకుండా 58తోనే మొదలుపెట్టండి.

9. చోటూ పడవా మీ ఇష్టం

జలాశయంలో దిగడానికి తుంగభద్ర బోర్డును అడగొద్దు. 133 టీఎంసీల జలాశయం ఒండ్రు పేరుకుని సుమారు 105.8కి తగ్గింది కాబట్టి, లోతనుకున్నచోట మెరక తగిలితే ఆశ్చర్యపోవద్దు. డ్యాము దిగువన బండరాళ్ళున్నాయి, మొసళ్ళున్నాయి, 2015లో నీటికుక్కల కోసం కేటాయించిన 34 కిలోమీటర్ల నది ఉంది. కొత్త ఆటకు ప్రేక్షకులు కావాలి కదా.

మోటారు బోటు దొరకలేదా? హంపి దగ్గర పుట్టి ఎక్కండి. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ గుండ్రటి పడవల గురించి రాశాడు. లోపల బెత్తం, పైన తోలు, పదిహేను ఇరవై మంది పడతారట, అవసరమైతే గుర్రాలూ ఎక్కుతాయట. తిన్నగా పోలేక గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయని కూడా రాశాడు. ఆరు బోయల మధ్య గీత గీసినట్టు పోవాల్సిన బోటుకు ఇదేం బదులు అని నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. పై ఎనిమిది చిట్కాలతో బిగించిన స్కీని లాగడానికి పుట్టిని మించిన క్షేమమైన వాహనం లేదు. ఎంత తెడ్డు వేసినా అది మిమ్మల్ని నీళ్ళ మీదికి లేపలేదు.