ఎండ కాస్తున్నప్పుడే మూట సర్దండి

ఈ సలహాలు వినగానే తలకిందులుగా తోస్తాయి. అయినా పంచాయతీ కార్యదర్శులకూ, తహసీల్దారు ఆఫీసులో వాన లెక్క రాసేవారికీ, ఏటిగట్టు పక్కన కాపురముండేవారికీ నేను ఇవే చెబుతాను.

మీ ఊళ్లో వాన చూసి గోదావరిని అంచనా వెయ్యకండి. కోనసీమ లంకల్లో చినుకు రాలకపోయినా ఏరు పొంగుతుంది. ఆ నీళ్లు మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహితలో, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఇంద్రావతిలో, శబరిలో దిగి వస్తాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అక్కడి వరద ధవళేశ్వరం చేరడానికి సుమారుగా ఒక రోజు పడుతుంది. లంకల్లో గొడ్లను గట్టెక్కించాల్సింది ఆ ఒక్క రోజులోనే, నెత్తిన ఎండ కాస్తున్నా సరే. పొద్దున్నే ఆకాశం చూడకండి, భద్రాచలంలో ఎంతుందో అడగండి.

అక్కడ తగ్గుముఖం పట్టిందన్న కబురు వినగానే ఇళ్లకు తిరిగి రాకండి. పైన తగ్గుతున్నప్పుడు కింద ఇంకా పెరుగుతూనే ఉంటుంది. కూనవరం వాళ్లకు మరో చిక్కు. అక్కడ శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరికి దారి దొరక్క ఎగదన్ని చింతూరు వైపు ఊళ్ల మీద పడుతుంది. వాళ్లు రెండు నదుల మట్టాలూ కనుక్కోవాలి.

వర్షమాపకాన్ని ఆఫీసు డాబా మీద పెట్టకండి, అక్కడ ఎంత భద్రమనిపించినా. పైన గాలికి చినుకులు పక్కకు కొట్టుకుపోయి లెక్క తక్కువ వస్తుంది. నేల మీద, కంచె వేసి, దగ్గరున్న చెట్టుకో గోడకో ఎంత ఎత్తుందో అంతకు కనీసం రెండింతల దూరంలో పెట్టండి. గరాటులో ఒక్క వేపాకు అడ్డుపడినా కొలత పాడవుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ నీళ్లను కొలత గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టండి. మీరు వంగి, కన్ను నీటిమట్టానికి తెచ్చి, నీటి వంపు అడుగు అంచును చదవండి. నిలబడి పైనుంచి చూస్తే లెక్క తప్పుతుంది. వాన పడని రోజు గడి ఖాళీగా వదిలెయ్యకుండా సున్నా వెయ్యండి. ఖాళీ గడి చూసినవారికి వాన పడలేదో, కొలిచే మనిషే రాలేదో తెలియదు. రిపోర్టు పంపాలి కదా అని ఊహించి వేసిన అంకె ఖాళీ గడికన్నా చెడ్డది, దాన్ని నమ్మి ఎవరో నిర్ణయం తీసుకుంటారు.

జిల్లా సగటును పక్కన పెట్టండి, ఒక్క ఊరి మీద పడిన కుండపోత అందులో కనబడదు. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. చదరపు మీటరుకు ఒక లీటరు పడితే ఒక మిల్లీమీటరు, కాబట్టి ఎకరం నేల మీద 26 లక్షల లీటర్ల పైమాటే. ఆ తెల్లవారుజామునే పక్కనున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది, జనం డాబాలెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. ఎనిమిదిన్నర లెక్క కోసం ఆగితే అప్పటికే ఊరు నీళ్లలో ఉంటుంది. ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల అంకెలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. కుండపోత రాత్రి అర్ధరాత్రికీ, మళ్లీ రెండింటికీ లేచి చూసే మనిషి ప్రతి మండలానికీ ఉండాలి. ఆ పని అతని డ్యూటీలో రాసి ఉండాలి, పుణ్యానికి చేసేదిగా కాదు.

పెద్ద నదికన్నా చిన్న వాగుకే ఎక్కువ కాపలా పెట్టండి. గోదావరినీ కృష్ణనూ కేంద్ర జలసంఘం చూసుకుంటుంది. వాగుకు పంచాయతీ తప్ప దిక్కు లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. కానీ విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు. మీ ఊరి కల్వర్టు స్తంభం మీద అడుగుల గీతలు గీయించండి, ఖర్చు డబ్బా పెయింటు. వాన రాత్రి గంటగంటకూ దాన్ని ఫొటో తీసి పై ఊరివాళ్లు కింది ఊరివాళ్లకు పంపాలి. మధ్యలో మండలం ఆఫీసు అనుమతి అక్కర్లేదు. ఇదివరకటి వరద ఎక్కడిదాకా వచ్చిందో ఆ గీత కూడా తేదీతో సహా వెయ్యండి. పండక్కి సున్నం కొట్టేటప్పుడు దాన్ని చెరపొద్దని ముందే చెప్పి ఉంచండి.