ఎస్పెరాంతోకు ఇంగ్లీషు టోల్‌గేటు

ఎస్పెరాంతో నేర్చుకోవడం కంటే, నేర్చుకుంటున్నానని బేతంచెర్లలో చెప్పుకోవడమే కష్టం. బండల ఫ్యాక్టరీ నడిపే మా మామ అడిగిన మొదటి ప్రశ్న, "ఇది యా దేశం భాషప్పా?" ఏ దేశానిదీ కాదన్నాను. "మరి వీసా యాడిస్తారు?" అన్నాడు. దీనికి జవాబు ఈ భాషను తయారుచేసిన జామెన్‌హాఫ్ కూడా రాసిపెట్టలేదు.

జామెన్‌హాఫ్ కళ్ళ డాక్టరు. నాలుగు భాషలవాళ్ళు నాలుగు దిక్కులకు తిరిగి తిట్టుకునే బియాలిస్టోక్ ఊళ్ళో పుట్టాడు. అందరికీ ఒక భాష ఉంటే ఆ గొడవ తగ్గుతుందని 1887లో వార్సాలో చిన్న పుస్తకం అచ్చేయించాడు. మనవాళ్ళెవరైనా ఆయనకు చెప్పాల్సింది: ఒకే భాష మాట్లాడే అన్నదమ్ములు కూడా గెట్టు దగ్గర ఎంత చక్కగా తిట్టుకోగలరో.

వ్యాకరణమంతా 16 సూత్రాలు. వచ్చాను, వచ్చావు, వచ్చింది, వచ్చారు - అన్నిటికీ 'వేనిస్' ఒక్కటే. ఇది మామకు నచ్చింది. నువ్వుకూ మీరుకూ కలిపి 'వి' ఒక్కటేనని తెలిశాక నచ్చలేదు. "అల్లుడు మామను నువ్వు అనే భాష మన ఇండ్లల్లో నడవదు" అని తేల్చేశాడు.

పాఠాలకు కొదవ లేదు. 'లెర్ను' సైటు 2002 నుంచి ఉచితంగా నేర్పుతోంది. డ్యుయోలింగోలో 2015 నుంచి ఉంది. ఐక్యరాజ్యసమితిలో అనువాదకుడిగా పనిచేసిన క్లాడ్ పీరోన్, కొత్తవాళ్ళ కోసమే 1983లో 'గెర్దా మలపేరిస్' అనే నవల రాశాడు. గెర్దా మాయమైందని అర్థం. ప్రతి అధ్యాయానికీ కాసిని కొత్త మాటలే కలుపుతాడు కాబట్టి అపరాధ పరిశోధన, భాషా పరిశోధన రెండూ సాగుతాయి. మొదలుపెట్టేవాళ్ళు దీన్ని వదలకండి.

తిరకాసు వేరే ఉంది. ఎవరి భాషకూ ఎవరూ తల వంచనక్కర్లేదని పుట్టిన భాష ఇది. దాని దగ్గరికి నాకు దొరికిన దారులన్నీ ఇంగ్లీషు టోల్‌గేటు దాటే పోతాయి. పైగా ఇంగ్లీషులో ఉన్న పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషువాడి భయాలే మనకూ అంటిస్తాయి. కర్మకు చివర 'న్' చేర్చాలని చెప్పడానికి పేజీలకు పేజీలు బుజ్జగింపులు! పుస్తకాన్ని చదివాను, మామను చూశాను అని పుట్టిన్నాటి నుంచీ అంటున్నవాణ్ణి, నాకెందుకు ఓదార్పు? నామవాచకాలన్నీ 'ఓ'తో ముగుస్తాయని ఇంకో హెచ్చరిక. అజంత భాష వాడికి అదొక వింతా? మాట మీద మాట అతికించడమూ అంతే. 'మల్‌సనులేయో' అంటే ఆరోగ్యం లేనివాళ్ళుండే చోటు, ఆసుపత్రి. మనకిది మంచినీళ్ళ ప్రాయం.

మనకు అసలు అడ్డుపడేది 'లా'. ఇంగ్లీషువాడి 'ది' లాంటిది. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో మన నోటికి అలవాటే లేదు. దాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు, వాళ్ళకు తెలుసు కాబట్టి.

అలాగని మనవైపు ఈ భాష తెలిసినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళు భాషాశాస్త్రం చెప్పిన ప్రొబాల్ దాస్‌గుప్తా, 2007 నుంచి 2013 దాకా ప్రపంచ ఎస్పెరాంతో సంఘానికి అధ్యక్షుడు.

ఎస్పెరాంతో వచ్చిన తెలుగువాళ్ళకు ఒక మనవి. 'న్' గురించి నాలుగు ముక్కలు, 'లా' గురించి నలభై ముక్కలు ఉండే చిన్న పుస్తకం తెలుగులో రాయండి. ఇప్పటికే రాసి ఉంటే మళ్ళీ అచ్చేయించండి. ధర మాత్రం యాభై రూపాయలు దాటనివ్వకండి.