ఎడమ పక్క వాన

మా కారులో వాన ఎప్పుడూ ఎడమ పక్కనే పడుతుంది. ఎడమ పక్క అంటే మా ఆవిడ కూర్చునే పక్క. నా కాళ్ల కింద మాత్రం ఏడాది పొడుగునా ఎండాకాలమే. కాబట్టి సమస్య నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టిందంటే అందులో నా దుర్మార్గం కన్నా భౌగోళిక కారణాలే ఎక్కువని మనవి.

"చెప్పులు తడుస్తున్నయండీ" అని ఆమె మొదట చెప్పింది ఆషాఢంలో. ముందు రోజే లాల్ దర్వాజ బోనాలకు పోయొచ్చాం. బోనం ఆమె ఒళ్లో, సాక చెంబు కాళ్ల దగ్గర. పైగా మ్యాట్ మీద ఒక వేపాకు దొరికింది. ఇంకేం, కేసు తేలిపోయింది. సాక ఒలికింది. "అమ్మవారికి పోసే నీళ్లే గదా, మంచిదే" అని ఉదారంగా క్షమించాను కూడా.

"సాకలో పసుపుంటది. ఈ తడిలో పసుపేది?" అంది.

నిందితులు ఎదురు ప్రశ్నలు వేయడం మామూలే అనుకున్నాను.

పసుపు లేని నీళ్లు ఆ తర్వాత పడ్డ ప్రతి వానకూ వచ్చాయి. నీళ్ల వెనక వాసన వచ్చింది. వాసనకు నేను మా వాడి టిఫిన్ డబ్బాను, వాడి సాక్సులను, చివరికి మా బామ్మర్ది ఎప్పుడో తెచ్చిన చేపలను బాధ్యులను చేశాను. కారును తప్ప అందర్నీ అనుమానించాను.

ఇక్కడ నా అర్హతలు కొంచెం చెప్పుకోవాలి. కిషన్‌బాగ్‌లో ఉంటున్నామంటే మూసీ పక్కన ఉంటున్నట్టు. హిమాయత్ సాగర్ గేట్లు ఎన్ని ఎత్తారో, ఎన్ని అడుగులు ఎత్తారో టీవీలో చూశాకే మా గల్లీ నిద్రపోతుంది. 1908 సెప్టెంబర్ 28 నాటి వరద, ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్... ఈ వరస నేను అప్పజెప్పని కాలనీ మీటింగు లేదు. చివర నాలాల పూడిక మీదికి వస్తాను. పూడిక తీయకపోతే నీళ్లెటు పోతాయి, ఇండ్లల్లకే పోతాయి అని బల్ల గుద్దుతాను. ఇంతటి నీటి నిపుణుడికి ఒక చిన్న కారు లెక్కా?

మొదట ఏసీని పట్టుకున్నాను. ఏసీలో ఊరే నీళ్లు సన్న పైపులోంచి రోడ్డు మీదికి కారిపోవాలి. ఆ పైపు మూసుకుపోతే లోపలే, అదీ ఎడమ కాళ్ల దగ్గరే కారతాయి. సిద్ధాంతం బ్రహ్మాండంగా ఉంది గానీ, మా బండిలో ఏసీ పనిచేయడం మానేసి చాన్నాళ్లయింది. ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంది.

తర్వాత ముందద్దం. సిలికాన్ ట్యూబులు కొనుక్కొచ్చి అద్దం చుట్టూ పూశాను. బండి అద్దాన్ని అంటించే బంక వేరు. దాని మీద ఈ సిలికాన్ పులిమితే రేపు అద్దం మార్చేటప్పుడు కొత్త బంక సరిగా పట్టదట. అది తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది పుల్లటి వాసనొకటే. ఉన్న కంపుకు అది జతయ్యింది.

ఆఖరికి పద్ధతిగా పరీక్ష పెట్టాను. తలుపు రబ్బర్ల మీద పౌడర్ చల్లాలి. నీళ్లు దూరిన చోట చార పడుతుంది. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో సన్నగా, కింద నుంచి మొదలుపెట్టి పైకి తడుపుతూ రావాలి. ముందు తలుపు, తర్వాత అద్దం, ఆఖరున కప్పు. పైనుంచి పోస్తే నీళ్లు అన్ని సందుల మీదుగా జారి ఏది దొంగో తేలదు. నేను పైనుంచి, ఫుల్ ఫోర్సుతో పోశాను. జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో మేఘం లేకుండా ఒక్క కారు మీదే వాన కురుస్తుంటే పిల్లలంతా చూడ్డానికి వచ్చారు. మిద్దె మీద ట్యాంకు ఖాళీ అవుతున్న చప్పుడు మా ఆవిడ వింటోంది.

లోపల మా వాడు ఊరికే కూర్చోలేక ఫ్యాన్ వేశాడు. "నాన్నా, ఫ్యాన్‌లకెళ్లి నీళ్లొస్తున్నయ్!" అని అరిచాడు.

"ఆటలాడకు, తలుపు చూడు" అన్నాను.

బహదూర్‌పురా దారిలో ఒక మెకానిక్ ఉస్తాద్ ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి, "సాబ్, ఈ సిలికాన్ ఎవడు పూసిండు?" అని అడిగాడు. కొన్నప్పుడే ఉందని చెప్పాను. మా ఆవిడ పక్కనే ఉందన్న సంగతి చెప్పాక గుర్తొచ్చింది.

ఉస్తాద్ డ్యాష్‌బోర్డు డబ్బా ఊడదీసి, వెనక నుంచి గాలి ఫిల్టరు లాగాడు. పిండితే నీళ్లు కారేటట్టుంది. దాన్నిండా వేపాకు. తర్వాత వైపర్లు తీసి, వాటి కింది ప్లాస్టిక్ జాలీ లేపాడు. అద్దం మీద పడ్డ వాన ఆ జాలీ కిందికి దిగి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఆ రంధ్రాల్లో ఆకు కుళ్లి మట్టయి, మట్టిలో రెండు వేప మొలకలు కూడా లేచాయి. పోయే దారి లేక నీళ్లు అక్కడే నిలిచి, మట్టం పెరిగి, ఫ్యాన్ గాలి పీల్చే నోట్లోంచి లోపలికి దిగుతున్నాయి. ఆ నోరు మన బండ్లలో మామూలుగా ఎడమ పక్కనుంటుంది.

"అంటే నాలా పూడిందన్నట్టు" అంది మా ఆవిడ. "మీటింగ్ పెట్టుండ్రి."

వేపచెట్టు మా ఇంటి ముందరిదే. ఆ నీడలో బండి పెట్టుకునే హక్కు కోసం ఎదురింటి భాయ్‌తో నేను చేసిన యుద్ధం గల్లీలో అందరికీ తెలుసు. ఆయన పాపం ఎండలో పెట్టుకుంటాడు. ఆయన కారు పొడిగా ఉంది. ఇప్పుడు చెట్టు కింద నుంచి బండి తీస్తే ఆ జాగా ఆయనకు పోతుంది. అందుకని రోజూ పొద్దున జాలీ మీద చీపురు వేస్తున్నాను.

బాగుచేయడం నిజానికి ఎంతోసేపు పట్టలేదు. రంధ్రాల్లోకి వైరు పోనిచ్చి మట్టి తీసి, నీళ్లు పోసి కిందికి పోతున్నాయో లేదో చూసి, కొత్త ఫిల్టరు పెట్టడమే. ఆరబెట్టడంలోనే ఉంది అసలు తిప్పలు. కార్పెట్ పైకి పొడిగానే కనిపిస్తుంది, దాని కింది స్పాంజి మాత్రం నీళ్లు తాగి కూర్చుంటుంది. కంపంతా అక్కడిదే. ఉస్తాద్ బ్యాటరీ వైరు తీసి, సీటు ఊడదీసి, కార్పెట్ లేపి, "మంచిగ ఎండినంక తీస్కరండి, బిగిస్త" అన్నాడు.

స్పాంజి మిద్దె మీద ఎండింది. సీటు వరండాలో పెట్టాం. దానికి వెనక్కి వాలే మీట ఉందని మా నాన్న కనిపెట్టాడు. పొద్దున పేపరు అందులోనే, మధ్యాహ్నం కునుకు అందులోనే. బిగించేస్తానంటే, "నడుముకు మస్తు సుఖముందిరా, ఈ చలికాలం పోనియ్" అంటున్నాడు.

మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంటోంది. నేను అద్దంలో చూసి "పోనీయనా?" అని అడుగుతాను. ఆమె తల ఊపుతుంది. మొన్న మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఎవరో కిటికీలోకి వంగి, అత్తాపూర్ దాకా ఎంత తీసుకుంటావని నన్నడిగారు.